పేరు రావాల్సిన పాత గేములు: క్లా అందరికీ తెలిసింది, కేట్ ఆర్చర్ ఎందుకు తెలియలేదు

బెంగళూరులో సాదర పత్రప్ప రోడ్డు అంటే తడుముకునేవారు ఉంటారు గానీ, ఎస్పీ రోడ్డు అంటే కంప్యూటరుతో పని పడిన ప్రతివారికీ తెలుస్తుంది. 2000 ప్రాంతంలో అనంతపురం, కర్నూలు, చిత్తూరు జిల్లాల నుంచి చదువుకో, ఏదో ఒక కోర్సుకో వచ్చి మడివాళలోనో బీటీఎం లేఅవుట్‌లోనో గదులు తీసుకున్న తెలుగు కుర్రవాళ్లు తమ మొదటి కంప్యూటరును అక్కడే విడిభాగాలుగా కొని, అక్కడే బిగించుకుని, మానిటరును ఒళ్లో పెట్టుకుని ఆటోలో గదికి తెచ్చుకునేవారు. విండోస్ ఎక్కించిన చేత్తోనే దుకాణంలోని కుర్రవాడు నాలుగైదు గేములు కూడా ఎక్కించి పంపేవాడు. వాటిలో కత్తి దూసిన పిల్లి కెప్టెన్ గేము ఒకటి తరచుగా కనిపించేది. దాని పేరు క్లా. 1997లో అమెరికాలోని మోనోలిత్ ప్రొడక్షన్స్ దాన్ని తయారు చేసింది. అదే సంస్థ 2000లో నో వన్ లివ్స్ ఫరెవర్ అనే మరో గేమును విడుదల చేసింది. అమెరికాలో, యూరపులో విమర్శకులు ఈ రెండోదాన్ని ఎంతో మెచ్చుకున్నారు; మొదటిదాన్ని ఒక మాట అని వదిలేశారు. ఇక్కడ సరిగ్గా తలకిందులైంది. పిల్లి కెప్టెన్ గదిగదికీ తెలుసు, రెండో గేములోని గూఢచారిణి కేట్ ఆర్చర్ పేరు విన్నవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

ఒకే సంస్థ చేసిన రెండు గేములకు రెండు చోట్ల రెండు రకాల గతి పట్టడాన్ని గమనిస్తే, పాత గేములకు దక్కాల్సిన పేరు దక్కలేదని వాపోయేటప్పుడు సాధారణంగా మరిచిపోయే ఒక విషయం బయటపడుతుంది. పేరు అనేది గేము లోపల ఉండే గుణం కాదు. అది ఏ యంత్రం మీద నడుస్తుంది, ఏ నెలలో అంగడికి వచ్చింది, దాన్ని అమ్మాల్సినవారు ఆ రోజు కొలువులో ఉన్నారా లేరా, పదేళ్ల తర్వాత దాని హక్కుల కాగితాలు ఎవరి బీరువాలో ఉన్నాయి అన్న సంగతులే పేరును ఎక్కువగా నిర్ణయించాయి. మంచి గేము ఎప్పటికైనా బయటికి వస్తుందన్న నమ్మకం వినడానికి బాగుంటుంది, కానీ ఈ రంగపు చరిత్ర ఆ నమ్మకాన్ని బలపరచదు.

కంప్యూటర్ల కంటే ముందు తరాన్ని చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. నింటెండో 1983లో జపానులో విడుదల చేసిన ఫ్యామికామ్ యంత్రానికి నకళ్లుగా తయారైన డబ్బాలు 1990లలో సమురాయ్, మీడియా వంటి పేర్లతో మన ఇళ్లకు వచ్చాయి. వాటిని జనం టీవీ గేము అన్నారు, లేదా ఉత్తి వీడియో గేము అన్నారు. లోపల దూర్చే ప్లాస్టిక్ పెట్టెను క్యాసెట్ అన్నారు. పసుపుపచ్చ క్యాసెట్ మీద తొమ్మిది వందల తొంభై తొమ్మిది గేములని అచ్చు వేసి ఉండేది. లోపల నిజంగా ఉన్నవి కొన్ని పదులే, మిగిలినవన్నీ అవే గేములు వేరే పేర్లతో, వేరే దశ నుంచి మొదలయ్యేవి. బొమ్మ గీతలు గీతలుగా వస్తే క్యాసెట్ బయటికి లాగి అంచులో నోటితో ఊది మళ్లీ నొక్కడం, కదలకుండా దాని మీద అగ్గిపెట్టెనో మడిచిన కాగితాన్నో ఎత్తు పెట్టడం ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ తెలిసిన విద్య. ఆ క్యాసెట్లలో తెలుగు పిల్లలు ట్యాంకుల గేము అని పిలుచుకున్నదాని అసలు పేరు బ్యాటిల్ సిటీ. ప్యాక్‌మ్యాన్‌ను తయారు చేసిన నామ్‌కో సంస్థే దీన్ని 1985లో ఫ్యామికామ్ కోసం తయారు చేసింది. 1980లో అదే సంస్థ నాణేల యంత్రాల కోసం చేసిన ట్యాంక్ బెటాలియన్ దీనికి మాతృక.

బ్యాటిల్ సిటీకి దక్కాల్సిన స్థానం గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. తెర మీద నిలువుకు పదమూడు, అడ్డానికి పదమూడు గళ్లు. అడుగున మధ్యలో ఒక గద్ద బొమ్మ, దాని చుట్టూ ఇటుక గోడ. పైనుంచి శత్రువు ట్యాంకులు దశకు ఇరవై చొప్పున దిగుతాయి. ఇంతవరకూ చూస్తే సాదాసీదా కాల్పుల గేమే. అయితే ఇటుక గోడ ఒక్క దెబ్బకు మొత్తం కూలదు, తగిలిన వైపు నుంచి పొరలు పొరలుగా రాలుతుంది. అందువల్ల ఆటగాడు కాల్చే ప్రతి గుండూ పటాన్ని తిరిగి గీస్తుంది: శత్రువును కొట్టడానికి తెరిచిన సందులోంచే కాసేపటికి మరో శత్రువు లోపలికి వస్తాడు. తొందరలో దిగువకు తిరిగి కాలిస్తే సొంత గద్దే పేలిపోయి గేము ముగుస్తుంది. ఇద్దరు ఆడుతున్నప్పుడు ఒకరి గుండు మరొకరికి తగిలితే చావరు గానీ, కొన్ని క్షణాలపాటు కదలకుండా నిలిచిపోయి మిణుకుమిణుకుమంటారు. అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుని ఆడే గేములో ఆ కొన్ని క్షణాల శిక్ష ఎన్ని పేచీలకు దారి తీసిందో ఆడినవారికి తెలుసు. చంపడానికీ వదిలేయడానికీ మధ్య అంత కచ్చితమైన శిక్షను ఎంచుకోవడం రూపకల్పనలో ఆరితేరినవారు చేసే పని.

అన్నిటికంటే ముఖ్యమైనది గేము మొదటి తెర మీద కనిపించే కన్‌స్ట్రక్షన్ అనే మూడో ఎంపిక. అక్కడ ఆటగాడు తన పటాన్ని తానే కట్టుకోవచ్చు. ఇటుక, ఇనుము, నీరు, పొద, మంచు అనే అయిదు ముక్కలను గళ్లలో పేర్చి, వెంటనే ఆ పటంలోనే ఆడుకోవచ్చు. మన పిల్లల్లో చాలామంది మొదట చేసింది గద్ద చుట్టూ ఇనుప గోడ కట్టడం. బలం పెంచే నక్షత్రాలు మూడు తీసుకుంటే తప్ప ఇనుము తమకూ పగలదని, శత్రువు ఇక గద్దను తాకలేకపోతే ఆడటంలో పస ఉండదని ఒక మధ్యాహ్నంలోనే అర్థమయ్యేది. అప్పుడు ఒక గోడ తీసి ఇటుక పెట్టేవారు, రెండు సందులు వదిలేవారు. గేము కష్టాన్ని ఎలా తూకం వేయాలో ఏ పుస్తకమూ లేకుండా నేర్పిన పాఠం అది. 1985లో ఆటగాడి చేతికి ఆ పనిముట్టు అందించిన గేములు మరికొన్ని ఉన్నాయి. కానీ భారతదేశంలో ఒక తరానికి ఆ పనిముట్టు మొదట అందింది ట్యాంకుల గేములోనే.

ఇంత చేసిన బ్యాటిల్ సిటీ ఆ రోజుల్లో అమెరికాలో అధికారికంగా విడుదల కాలేదు. వీడియో గేముల చరిత్రను ఇంగ్లీషులో రాసినవారిలో ఎక్కువమంది అక్కడ పెరిగినవారు కాబట్టి, వారి చిన్నతనంలో లేని గేము వారి చరిత్రలోనూ చోటు చేసుకోలేదు. ఇక్కడేమో గేము ఇంటింటికీ తెలుసు, తయారీదారు ఎవరో ఒక్కరికీ తెలియదు. నకలు క్యాసెట్లలో నామ్‌కో పేరు చెరిపేసిన రూపాలు కూడా తిరిగాయి. ఒకచోట పేరు చరిత్రకు ఎక్కలేదు, మరోచోట గేము నిలిచింది గానీ పేరు నిలవలేదు. రెండూ నష్టాలే. రెండోది మన వైపు జరిగిన నష్టం కనుక దాన్ని సరిచేయాల్సిందీ మనమే.

అవే క్యాసెట్లలో బైనరీ ల్యాండ్ అనే మరో రత్నం ఉండేది. హడ్సన్ సంస్థ దాన్ని 1985లో ఫ్యామికామ్‌కు తెచ్చింది. గోడకు అటొక పెంగ్విన్, ఇటొక పెంగ్విన్. ఒకదాన్ని కుడికి నడిపితే రెండోది ఎడమకు నడుస్తుంది, పైకి కిందకి మాత్రం రెండూ ఒకేలా కదులుతాయి. సాలెగూళ్లను తప్పించుకుంటూ ఇద్దరినీ ఒకేసారి పైన ఉన్న గుండె గుర్తుకు రెండు వైపులా చేర్చాలి. ఒక్క నియమంతో మెదడును రెండుగా చీల్చే ఆ ఆలోచన నేటి ఫోన్ గేములలోనూ తాజాగానే అనిపిస్తుంది. దాన్ని పెంగ్విన్ల గేము అని తప్ప వేరే పేరుతో పిలిచినవారు తక్కువ.

కంప్యూటర్ల కాలానికి వస్తే యంత్రం ప్రాధాన్యం మరింత పెరిగింది. ఎస్పీ రోడ్డులో బిగించిన ఆనాటి సాధారణ కంప్యూటరులో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండేది కాదు. మదర్‌బోర్డు మీదే అమర్చిన చిప్పుతో సరిపెట్టుకోవాలి, ఎందుకంటే కార్డు కొనాలంటే మరికొన్ని వేలు కావాలి. క్లాకు ఆ కార్డుతో పని లేదు. అది చేత్తో గీసిన బొమ్మల గేము, పక్కకు నడుస్తూ పోయేది. లా రోకా జైలు నుంచి కెప్టెన్ క్లా తప్పించుకోవడంతో మొదలై, తొమ్మిది ప్రాణాలిచ్చే తాయెత్తు కోసం పద్నాలుగు దశల మీదుగా సాగుతుంది. కుక్క సిపాయిలు దగ్గరికి వచ్చి ఏదో ఒకటి అంటారు, పిల్లి దానికి దీటుగా బదులిస్తుంది. 1997 నాటికి పాశ్చాత్య పత్రికల చూపంతా మూడు కొలతల (త్రీడీ) గేముల మీద ఉంది; చేతి బొమ్మల గేము పాతబడిన సరుకుగా కనిపించింది. ఆ బొమ్మల్లో పనితనం మాత్రం కార్టూన్ చిత్రాల స్థాయిది, నేటికీ వెలవెలబోలేదు. అలాగే, పాశ్చాత్య దేశాల్లో ఇంచుమించు వెనకబడినదిగా లెక్కకు వచ్చిన ప్రాజెక్ట్ ఐజీఐ అనే కాల్పుల గేము ఇక్కడ నెట్ సెంటర్లను ఏలింది. నార్వేకు చెందిన ఇన్నర్‌లూప్ సంస్థ 2000లో తెచ్చిన ఆ గేములో దశ మధ్యలో ఆపి దాచుకునే వీలు లేదు, పలువురు కలిసి ఆడే వీలూ లేదు. పాశ్చాత్య విమర్శకులు ఎత్తి చూపిన ఆ లోపాలు నిజమే. కానీ విశాలమైన మంచు స్థావరాన్ని ఒంటరిగా బైనాక్యులర్లతో గాలించి దారి వెతుక్కోవడంలో ఉన్న ఉత్కంఠ కూడా నిజమే, దాన్ని వారు తక్కువగా అంచనా వేశారు.

యంత్రం వల్ల కాక అమ్మకం వల్ల నష్టపోయిన గేములలో అన్నిటికంటే బాధ కలిగించేది ది లాస్ట్ ఎక్స్‌ప్రెస్. ప్రిన్స్ ఆఫ్ పర్షియాను 1989లో తెచ్చిన జోర్డన్ మెక్‌నర్ ఆ పేరుతో హాయిగా బతికేయగలిగి ఉండి, 1993లో స్మోకింగ్ కార్ ప్రొడక్షన్స్ అనే సొంత సంస్థ పెట్టుకుని, నాలుగేళ్ల శ్రమ, 50 లక్షల డాలర్లకు పైగా ఖర్చుతో ఈ గేమును తయారు చేశాడు. కాలం 1914 జూలై, మొదటి ప్రపంచ యుద్ధానికి కొద్ది రోజుల ముందు. ప్యారిస్ నుంచి కాన్‌స్టాంటినోపుల్ వెళ్లే ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైల్లోకి రాబర్ట్ క్యాథ్ అనే అమెరికన్ వైద్యుడు కదులుతున్న బండి మీదికి దూకి ఎక్కుతాడు. లోపల స్నేహితుడు హత్యకు గురై పడి ఉంటాడు. ఇక ఆ రైలే గేము.

ఈ గేము ప్రత్యేకత కాలంలో ఉంది. రైల్లో ముప్ఫై మంది దాకా మనుషులుంటారు, ప్రతి ఒక్కరికీ తమ తమ పనులుంటాయి. ఆటగాడు చూస్తున్నా, చూడకపోయినా గడియారం నడుస్తూనే ఉంటుంది. అసలు కాలం కంటే ఆరు రెట్ల వేగంతో నడుస్తుంది. భోజనాల బోగీలో ఇద్దరు మాట్లాడుకుంటున్న సమయంలో ఆటగాడు వేరే బోగీలో ఉంటే ఆ మాటలు వినకుండానే పోతాయి. తప్పు జరిగితే గడియారాన్ని వెనక్కు తిప్పి, ఏ స్టేషను దగ్గరి నుంచైనా మళ్లీ బతకవచ్చు. రెండో రోజు వయొలిన్, పియానో కచేరీ జరుగుతుంది. రైల్లోని పెద్దమనుషులంతా ఒక బోగీలో చేరి వింటూ ఉంటారు. ఆటగాడు కూడా కుర్చీలో కూర్చుని కచేరీ మొత్తం వినవచ్చు, గేము అందుకు అడ్డు చెప్పదు. లేదంటే అందరూ అక్కడ ఉన్నారు కదా అని మెల్లగా లేచి, ఖాళీ గదులు వెతుక్కోవచ్చు. వెతుకుతున్నంతసేపూ గోడల అవతల నుంచి వాద్యం వినిపిస్తూనే ఉంటుంది. అది ఆగిందంటే జనం తిరిగి వస్తున్నారని అర్థం. వెనక్కు లెక్కపెట్టే గడియారం కంటే, ఎర్ర అంకెల కంటే ఇంత సున్నితమైన సమయసూచిక అప్పటికి ఏ గేములోనూ కనిపించదు.

దాని భాషల సంగతి మరీ ముచ్చటైనది. ప్రయాణికులు ఫ్రెంచి, జర్మన్, రష్యన్ వంటి తమ తమ భాషల్లోనే మాట్లాడుకుంటారు. క్యాథ్‌కు వచ్చిన భాష అయితే అడుగున ఇంగ్లీషు వాక్యం కనిపిస్తుంది. రాని భాష అయితే ఏమీ కనిపించదు, గొంతులోని కోపాన్నో భయాన్నో బట్టి ఊహించుకోవాల్సిందే. బెంగళూరు నుంచి కాచిగూడ వెళ్లే రాత్రి రైల్లో పై బెర్తు మీద పడుకుని, కింద కన్నడంలో ఒక జంట, పక్కన దక్ఖనీలో ఒక కుటుంబం, తలుపు దగ్గర తమిళంలో ఇద్దరు సైనికులు మాట్లాడుకుంటుంటే సగం అర్థమవుతూ సగం జారిపోతూ విన్న తెలుగువారికి ఈ ఏర్పాటు గొప్పదనం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. యూరపు రాజకీయం యుద్ధం దాకా వచ్చిన రోజుల్లో ఒకరి మాట ఒకరికి అర్థం కాని మనుషులు ఒకే పెట్టెలో ఇరుక్కున్నారన్న సంగతిని ఆ కనిపించని వాక్యాలే చెబుతాయి.

1997 వసంతంలో గేము విడుదలయ్యే ముందు ప్రచురణ సంస్థ బ్రోడర్‌బండ్‌లోని మార్కెటింగు విభాగం ఉద్యోగాలు వదిలి వెళ్లిపోయింది. ప్రకటనలు దాదాపు రాలేదు. ప్లేస్టేషన్‌కు తేవాల్సిన సంస్థ గేముల వ్యాపారం నుంచే తప్పుకుంది. మరుసటి ఏడాది బ్రోడర్‌బండ్‌ను వేరే సంస్థ కొనేసింది. సమీక్షలు మెచ్చుకున్నాయి, అంగళ్లలో గేము దొరకలేదు. అమ్మకాలు లక్ష కాపీల దగ్గర ఆగిపోయాయి, పెట్టుబడి తిరిగి రావాలంటే దానికి ఎన్నో రెట్లు అమ్ముడుపోవాలి. మన వైపు దీని గతి చెప్పనే అక్కర్లేదు. గేము మూడు సీడీలలో వచ్చింది. ఒక్క సీడీలో పది గేములు నింపి అమ్మే చోట మూడు సీడీలకు ఒక్క గేము అంటే కొనేవాడెవడు? తర్వాత 2012లో ఫోన్లకు, ఆ మరుసటి ఏడాది స్టీమ్ అనే ఇంటర్నెట్ అంగడికి వచ్చింది కనుక నేడు కొనుక్కుని ఆడుకోవచ్చు. కానీ అది మొదటిసారి వచ్చినప్పుడు రావాల్సిన పేరు వచ్చి ఉంటే, నిజ కాలంలో నడిచే కథల గేములు ఒక వరుసగా పుట్టి ఉండేవన్నది తోసిపుచ్చలేని అంచనా.

విడుదల నెల వల్ల దెబ్బతిన్నవాటికి బియాండ్ గుడ్ అండ్ ఈవిల్ ఉదాహరణగా చాలు. యూబీసాఫ్ట్‌లో మిషెల్ ఆన్సెల్ నేతృత్వంలో తయారై 2003 నవంబరులో వచ్చింది. అదే నెలలో అదే సంస్థ ప్రిన్స్ ఆఫ్ పర్షియా కొత్త గేమును కూడా అంగట్లో పెట్టింది. సొంత ఇంట్లోనే పోటీ. కథానాయిక జేడ్ ఒక ఫొటోగ్రాఫరు. ఆమె అసలు ఆయుధం కెమెరా. జంతువులను ఫొటో తీస్తే డబ్బు వస్తుంది, సైన్యం దాచిన నేరాలను ఫొటో తీస్తే ప్రజలకు నిజం తెలుస్తుంది. గేము సాగేకొద్దీ వీధిలో జనం మాటలు మారుతాయి, నినాదాలు మొదలవుతాయి. పత్రికా రచన చేసే పనిని గేము యంత్రాంగంగా మలిచిన ఘనత దానిది. 2024లో ఇరవయ్యేళ్ల సందర్భపు ప్రత్యేక రూపం కూడా వచ్చింది.

గ్రిమ్ ఫాండాంగో పేరు ఇలాంటి చర్చల్లో తప్పక వస్తుంది గానీ, దాన్ని ఈ వరుసలో చేర్చడం సరికాదు. 1998లో వచ్చిన ఆ గేముకు ఆ ఏడాదే ప్రశంసలు, పురస్కారాలు దక్కాయి, 2015లో కొత్త మెరుగులతో తిరిగి వచ్చింది. పేరు రాలేదని చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఉండగానే పేరు తెచ్చుకున్న గేము అది. దాని సృష్టికర్త టిమ్ షాఫర్ తర్వాత చేసిన సైకోనాట్స్‌కు జరిగింది మాత్రం నిజమైన అన్యాయం. మైక్రోసాఫ్ట్ మధ్యలో వదిలేస్తే, మజెస్కో అనే చిన్న ప్రచురణ సంస్థ చేరదీసి 2005లో విడుదల చేసింది. మనుషుల మనసుల్లోకి దూరి తిరిగే గేము అది, ఒక్కో మనసు ఒక్కో దశ. అనుమానం పట్టి పీడించే ఒక కాపలాదారు మనసులో వీధులన్నీ మెలికలు తిరిగి తలకిందులుగా వేలాడుతుంటాయి. పొడవు కోట్లు వేసుకున్న నిఘా మనుషులు చేతిలో పూలమొక్కలు కత్తిరించే కత్తెరో, అప్పడాల కర్రో పట్టుకుని తాము మామూలు మనుషులమేనని పొడిపొడి గొంతుతో చెప్పుకుంటారు. వారి మధ్య నడవాలంటే ఆటగాడు కూడా సరైన వస్తువు పట్టుకుని వారిలో ఒకడిలా నటించాలి. ఇంత సృజన ఉన్న గేము అమ్ముడుపోక మజెస్కో భారీ గేముల నుంచే విరమించుకుంది. 2011లో హక్కులు తయారీ సంస్థ డబుల్ ఫైన్ చేతికి తిరిగి వచ్చాక, ఇంటర్నెట్ ద్వారా తక్కువ ధరకు అమ్మితే పన్నెండు లక్షలకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. గేము దాదాపు అదే. మారింది అమ్మే పద్ధతే. 2021లో రెండో భాగం కూడా వచ్చిందంటే కారణం అదే.

మన దేశంలో తయారైన పాత గేముల సంగతి ఇక్కడ కొంత నిజాయితీగా చెప్పుకోవాలి. హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ 2009లో తెచ్చిన హనుమాన్: బాయ్ వారియర్‌ను భారతదేశంలో పూర్తిగా తయారై ప్లేస్టేషన్ 2కు వచ్చిన తొలి గేముగా చెబుతారు. అదే ఏడాది హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర తెచ్చిన దేశీ అడ్డాలో కబడ్డీ, బిళ్లంగోడు, గాలిపటాల పోటీ ఉన్నాయి. వీటిని గొప్ప గేములనడం అభిమానమే అవుతుంది. మొదటిదాని నడకలో తడబాటు చాలా ఉంది. కానీ ప్లేస్టేషన్ 3 వచ్చి మూడేళ్లయ్యాక కూడా భారతదేశంలో ఇళ్లలో ఉన్నది ప్లేస్టేషన్ 2 అని గుర్తించి, ఆ యంత్రానికి మన ఆటలను ఎక్కించాలని తెలుగు నేల మీద కొందరు పూనుకున్న సంగతి చరిత్రలో ఒక పేరాగా అయినా నిలవాలి. బెంగళూరులోనే 1997లో రాజేశ్ రావు స్థాపించిన ధ్రువ ఇంటరాక్టివ్ ఏళ్ల తరబడి విదేశీ గేములకు కార్లను, భవనాలను, వస్తువులను గీసి పంపింది. 2019లో రాక్‌స్టార్ గేమ్స్ దాన్ని కొనుక్కుంది. ఆ గేములు ఆడినవారు ఇందిరానగర్‌లోనో కోరమంగలలోనో ఉంటూ, తాము నడిపిన కారు చక్రాన్ని తమ ఊళ్లోనే ఎవరో గీశారని తెలియకుండానే ఆడేశారు. గేము ముగిశాక దొర్లే పేర్లను చివరిదాకా చూసే అలవాటు ఉంటే ఆ పని చేసినవారికి కొంత గౌరవం దక్కేది.

ఇక మిగిలింది కాగితాల సంగతి, అదే అన్నిటికంటే జటిలమైనది. 2023లో అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ చేసిన అధ్యయనం ప్రకారం, 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన గేములలో 87 శాతం నేడు అంగట్లో కొనడానికి దొరకవు. పుస్తకానికి పాత పుస్తకాల షాపు ఉంది, పాటకు రేడియో ఉంది. గేముకు యంత్రం పాతబడితే, హక్కుదారు మూతబడితే వేరే దిక్కు లేదు. 1999లో వచ్చిన సిస్టమ్ షాక్ 2 ఇందుకు తెలిసిన ఉదాహరణ. దాన్ని ఇర్రేషనల్ అనే మరో సంస్థతో కలిసి తయారు చేసిన లుకింగ్ గ్లాస్ సంస్థ 2000లో మూతపడింది. హక్కులు తిరిగి తిరిగి ఒక బీమా సంస్థ దగ్గరికి చేరాయి. స్టీఫెన్ కిక్ అనే గేము చిత్రకారుడు ఉద్యోగం మాని మధ్య అమెరికాలో తిరుగుతూ, ఆ గేమును మళ్లీ ఆడాలనిపించి వెతికితే అంగట్లో ఎక్కడా లేదు. ఎందుకు లేదో ఆరా తీసి, బీమా సంస్థ గుమ్మం తట్టి, 2013లో దాన్ని తిరిగి అమ్మకానికి తెచ్చాడు. పాత గేములను బతికించడమే పనిగా పెట్టుకున్న నైట్‌డైవ్ సంస్థ అలా పుట్టింది.

అదే నైట్‌డైవ్ 2014లో నో వన్ లివ్స్ ఫరెవర్‌ను కూడా బతికించడానికి పూనుకుంది. ఆ గేము విలువ తెలిస్తే ఆ తపన అర్థమవుతుంది. 1960ల గూఢచారి కథల రంగులు, సంగీతం, వేళాకోళం అన్నీ అందులో ఉన్నాయి. అన్నిటికీ మించి, మగ గూఢచారులంతా చచ్చిపోతే తప్ప తనకు పని అప్పగించని పై అధికారుల మధ్య కేట్ ఆర్చర్ తన సమర్థతను నిలుపుకుంటుంది. మూల చాటున నిలబడి కాపలావాళ్ల మాటలు వింటే, నేరస్థుల కొలువులో చేరడం మంచిదా కాదా, జీతం, సెలవులు ఎలా ఉంటాయని వారు తీరిగ్గా చర్చించుకుంటుంటారు. కాల్చేయాల్సిన మనిషి ఇంటి సంగతులు చెప్పుకుంటుంటే వేలు బిగుసుకోక ఆగిపోతుంది. 2000లో కాల్పుల గేముల్లో అంత మానవత్వం అరుదు. మన ఎస్పీ రోడ్డు కంప్యూటర్లలో గ్రాఫిక్స్ కార్డు లేక అప్పుడు ఆ గేము సరిగ్గా నడవలేదు. కార్డులు కొనుక్కునే రోజులు వచ్చేసరికి గేము దొరకడం మానేసింది.

హక్కులు మూడు పెద్ద సంస్థల మధ్య చిక్కుకున్నాయి. మోనోలిత్‌ను కొన్న వార్నర్, గేమును ప్రచురించిన ఫాక్స్, ఆ తర్వాత విలీనాల దారిలో కొన్ని హక్కులు చేరి ఉండవచ్చని భావించిన యాక్టివిజన్. ఎవరి దగ్గర ఏ భాగం ఉందో ఆ సంస్థలకే స్పష్టంగా తెలియలేదు, ఎందుకంటే ఒప్పందాలు కంప్యూటర్లలోకి ఎక్కకముందటి కాగితాల్లో ఉన్నాయి. బీరువాలు వెతికించే ఖర్చుకు తగిన లాభం వస్తుందని ఎవరూ నమ్మలేదు. నైట్‌డైవ్ నెలల తరబడి తిరిగి, చివరికి వదులుకుంది. 2025 ఫిబ్రవరిలో వార్నర్ మోనోలిత్‌నే మూసేసింది. పిల్లి కెప్టెన్‌ను, కేట్ ఆర్చర్‌ను గీసిన సంస్థ ఇప్పుడు లేదు.

2002లో వచ్చిన రెండో భాగంలో కొన్ని దశలు మన దేశంలో జరుగుతాయి. అది 1960ల కలకత్తా. ఇరుకు సందులు, మట్టి రంగు గోడలు, అంగళ్లు, వాటి మధ్య ముఖానికి తెల్ల రంగు పూసుకున్న ఫ్రెంచి మూకాభినయ నటుల ముఠా ఒకటి తుపాకులు పట్టుకుని తిరుగుతుంటే, వారి నాయకుడిని మూడు చక్రాల సైకిలు మీద వెంటాడాలి. కేట్‌కు తోడుగా ఆర్మ్‌స్ట్రాంగ్ అనే స్కాట్లండ్ భీముడు సైకిలు తొక్కుతుంటే ఆమె కాలుస్తుంది. విదేశీ గేములో మన ఊరు అంత విస్తారంగా కనిపించడం ఆ రోజుల్లో చాలా అరుదు. అందులో నగరాన్ని చూపిన తీరులో తప్పొప్పులు కూడా తీరిగ్గా చర్చించుకోదగినవి. ఆ చర్చ జరగాలంటే ముందు గేము ఆడాలి. బెంగళూరులో నేడు ఏ గదిలో ఉన్న కంప్యూటరైనా దాన్ని అవలీలగా నడిపించగలదు. డబ్బు పెట్టి న్యాయంగా కొనుక్కుందామంటే మాత్రం దాన్ని అధికారికంగా అమ్మే అంగడి ప్రపంచంలో ఒక్కటీ లేదు.